బల్ల మీది లేత్‌లు: పాత చిన్న యంత్రాల సేకరణ, అమ్మకం

లోహపు కడ్డీనో కొయ్యముక్కనో గట్టిగా పట్టుకొని గిరగిర తిప్పుతూ, పదునైన ఉలిని దానికి ఆనించి, అక్కరలేని భాగాన్ని పొరలు పొరలుగా లేపివేసి గుండ్రని రూపాన్ని రాబట్టే యంత్రమే లేత్. ఏటికొప్పాకలో లక్కబొమ్మలకు రూపునిచ్చే చిన్న యంత్రానికీ, విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాలను చెక్కే బరువైన యంత్రానికీ మూలసూత్రం ఇదొక్కటే. తెలుగునాట లేత్ అనగానే ఐటీఐ చదువు, టర్నర్ ఉద్యోగం, రేకుల షెడ్డు మనసులో మెదలుతాయి కాబట్టి, దానిని బతుకుతెరువుతో కాక సరదాతో ముడిపెట్టి చూడటం కొంత వింతగానే తోస్తుంది. అయితే ఇరవయ్యో శతాబ్దంలో ఐరోపా, అమెరికాలలో వేరే వృత్తుల్లో ఉంటూ, తీరిక వేళల్లో బొమ్మ ఆవిరియంత్రాలో గడియారాలో చేసుకునేవారి కోసమే ప్రత్యేకంగా తయారైన చిన్న లేత్‌లు ఉన్నాయి. వాటిలో చాలా రకాల తయారీ ఏనాడో నిలిచిపోగా, మిగిలిన యంత్రాలు ఇప్పుడు చేతులు మారుతూ, కొందరికి పనిముట్లుగా, కొందరికి అల్మారాలో పెట్టుకునే వస్తువులుగా, మరికొందరికి సరుకుగా ఉపయోగపడుతున్నాయి.

ఈ వ్యాపారం అర్థం కావాలంటే యంత్రంలోని నాలుగైదు భాగాల పేర్లు తెలిసి ఉండాలి. అడుగున తిన్నగా సాగే ఆధారాన్ని బెడ్ అంటారు. దాని ఎడమకొసన ఉండే హెడ్‌స్టాక్‌లో స్పిండిల్ అనే ఇరుసు తిరుగుతుంది. స్పిండిల్ ముక్కుకు బిగించి, చెక్కవలసిన ముక్కను దవడలతో పట్టుకునే సాధనం చక్. కుడికొసన నిలిచి పొడవాటి ముక్క రెండో చివరకు ఊతమిచ్చేది టెయిల్‌స్టాక్. ఈ రెండింటి మధ్య ఉలిని అటూ ఇటూ, ముందుకూ వెనక్కూ నడిపించేవి స్లైడ్‌లు. చిన్న లేత్‌లలో ఇవన్నీ ఉంటాయి, కాకపోతే ఒక మనిషి ఎత్తి బల్లమీద పెట్టుకోగలిగినంత పరిమాణంలో ఉంటాయి.

సరదాకోసం లేత్ తిప్పడం మొదట రాజుల వినోదం. రష్యా చక్రవర్తి పీటర్ తన కొలువులో ఆంద్రేయ్ నార్తోవ్ అనే నిపుణుణ్ణి పెట్టుకొని, ఆయన రూపొందించిన లేత్‌లపై స్వయంగా దంతపు వస్తువులు చెక్కేవాడు. లండన్‌లో హోల్ట్‌జాప్ఫెల్ వారు సంపన్నుల కోసం తయారుచేసిన అలంకారపు లేత్‌లు ఈనాటికీ ఈ రంగంలో అత్యంత ఖరీదైన వస్తువులుగా నిలిచి ఉన్నాయి. ఈ అభిరుచి మధ్యతరగతికి దిగివచ్చిన తీరుకు గుర్తుగా 1898ని చెప్పుకోవచ్చు. పెర్సివల్ మార్షల్ ఇంగ్లండులో ‘మోడల్ ఇంజినీర్’ పత్రికను ఆ ఏడాదే ప్రారంభించాడు. బొగ్గు, నీరు, ఆవిరితో నిజంగానే నడిచే చిన్న రైలింజన్లను ఇంట్లో తయారుచేసే పద్ధతిని వారం వారం బోధించిన ఆ పత్రిక పాఠకులకు సహజంగానే చౌకైన లేత్ అవసరమైంది. షెఫీల్డులో తయారైన అడెప్ట్ లేత్‌లు ఆ అవసరాన్ని అట్టడుగు మెట్టునుంచి తీర్చాయి. వాటిలో సూపర్ అడెప్ట్ అనే రకంలో బెడ్ నుంచి స్పిండిల్ మధ్యరేఖ ఎత్తు అంగుళమున్నర పైచిలుకు మాత్రమే. పై మెట్టున నాటింగ్‌హామ్ సమీపంలోని బీస్టన్‌లో 1934లో మొదలైన మైఫోర్డ్ సంస్థ 1946లో విడుదల చేసిన ఎంఎల్7 నిలిచింది. అందులో ఆ ఎత్తు మూడున్నర అంగుళాలు, బరువు చూస్తే ఒక్కరు ఎత్తలేనంత. కనుక దానిని చిన్న లేత్ అనడం కష్టమే గాని, తరవాతి తరం చిన్న లేత్‌లన్నింటినీ కొనుగోలుదారులు దానితోనే పోల్చి చూశారు. అదే కాలంలో భారతదేశంలో 1943లో సికింద్రాబాద్‌లో ఏర్పడిన ప్రాగా టూల్స్, 1953లో బెంగళూరులో ఏర్పడిన హెచ్‌ఎంటీ వంటి సంస్థలు పరిశ్రమలకు కావలసిన యంత్రాలను తయారుచేయడంపై దృష్టి నిలిపాయి. నిలదొక్కుకుంటున్న దేశానికి అది న్యాయమైన ఎంపికే.

సేకరణ ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా చేతులు మారే చిన్న లేత్‌లలో యూనిమాట్ ఒకటి. దీని జన్మస్థానం ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గరి హాలైన్ పట్టణం, తయారీదారు ఎమ్కో సంస్థ. 1950ల మొదట్లో బయటికి వచ్చిన ఈ యంత్రాన్ని అమెరికాలో అమెరికన్ ఎడెల్‌స్టాల్ అనే సంస్థ తన పేరుపట్టీతో అమ్మింది. తొలి తరానికి డీబీ, ఎస్ఎల్ అనే గుర్తులున్నా, సేకర్తలు రెండింటినీ ఒకే కుటుంబంగా చూస్తారు. సాధారణ లేత్‌లో పోత ఇనుముతో దృఢంగా ఉండే బెడ్‌కు బదులు ఇందులో రెండు గుండ్రని ఉక్కు కడ్డీలు సమాంతరంగా అమర్చి ఉంటాయి. వాటిమీద సుమారు 175 మిల్లీమీటర్ల పొడవు, 70 మిల్లీమీటర్ల వ్యాసానికి లోబడిన ముక్కను తిప్పవచ్చు. ఇంజినీరు కన్నుతో చూస్తే ఇది రాజీపడిన నిర్మాణం, ఎందుకంటే రెండు కొసల్లో మాత్రమే ఆధారమున్న కడ్డీలు లోతైన కోత పెట్టినప్పుడు సూక్ష్మంగా వంగుతాయి, ఉలి వణుకుతుంది, చెక్కిన ఉపరితలంపై చారలు పడతాయి.

అయినా యూనిమాట్ నిలవడానికి కారణం దాని హెడ్‌స్టాక్‌లో దాగిన ఉపాయం. మోటారుతో సహా హెడ్‌స్టాక్‌ను బెడ్ మీదినుంచి తీసి, నిలువు స్తంభానికి బిగిస్తే అదే యంత్రం బెజ్జాలు వేసే డ్రిల్లింగ్ యంత్రంగానూ, చదునైన తలాలను, గాళ్లను కోసే మిల్లింగ్ యంత్రంగానూ మారిపోతుంది. దీనికి తోడు తయారీదారు గుండ్రటి రంపం, సన్నని జాలీరంపం, సానపట్టే చక్రం, ముక్కను సమాన భాగాలుగా తిప్పి నిలిపే ఇండెక్సింగ్ సాధనం, మర చుట్లు కోసే సాధనం, వేగాన్ని తగ్గించే అదనపు పుల్లీ అమరిక వంటి ఉపకరణాలను విడిగా అమ్మాడు. విడి గదిగానీ కార్ఖానాగానీ లేని అపార్ట్‌మెంటువాసికి, వంటగది బల్లమీద సర్వయంత్రాలూ దొరికాయన్న ఊహే ఇందులోని ఆకర్షణ. అది పూర్తిగా అబద్ధమూ కాదు, పూర్తిగా నిజమూ కాదు.

ఈ ఉపకరణాల దగ్గరే సేకర్త అభిరుచీ వర్తకుడి లెక్కా వేరుపడతాయి. ఒక యూనిమాట్ దాని చెక్కపెట్టె, ముద్రిత సూచనల పుస్తకం, రెంచీలు, చక్‌లు, ఉపకరణాలతో ఒకేచోట పూర్తిగా దొరికితే దానికి మంచి ధర పలకడం సహజం. కానీ అదే సరంజామాను విడగొట్టి, మర చుట్లు కోసే సాధనాన్ని ఒకరికి, ఇండెక్సింగ్ పళ్లేలను ఇంకొకరికి, నిలువు స్తంభాన్ని వేరొకరికి, చివరకు ఖాళీ పెట్టెను కూడా పెట్టె పోగొట్టుకున్న మరో యజమానికి అమ్మితే, మొత్తం ఆదాయం తరచూ పూర్తి యంత్రం వెలను మించిపోతుంది. ప్రపంచమంతటా చెదిరిన యజమానుల్లో ప్రతి ఒక్కరి దగ్గరా ఏదో ఒక భాగం లోపించి ఉంటుంది, ఆ లోపించిన ఒక్కదానికోసం వారు ఉదారంగా చెల్లిస్తారు. కనుక వర్తకుడి చేతికి చిక్కిన ప్రతి పూర్తి యంత్రమూ ముక్కలయ్యే ప్రమాదంలోనే ఉంటుంది; ముక్కలయ్యే కొద్దీ పూర్తి యంత్రాలు అరుదవుతాయి, అరుదయ్యే కొద్దీ వాటి వెల పెరుగుతుంది. విడగొట్టేవారిని సేకర్తలు తిట్టిపోయడం పరిపాటి. అయితే ఒక పాత యంత్రం విడిపోవడం వల్లనే మరి కొన్ని యంత్రాలు తిరిగి పనిలోకి వస్తున్నాయన్న సంగతిని వారు ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే ఆ తిట్టేవారిలో చాలామంది తమ యంత్రాలను పూర్తిచేసుకున్నది అలాంటి విడిభాగాలతోనే. తుప్పుపట్టి, బెడ్ చెడి, కోలుకోలేని యంత్రాన్ని విడగొట్టడం సేవ. చక్కగా నడుస్తున్న, సంపూర్ణమైన యంత్రాన్ని లాభంకోసం విడగొట్టడం మాత్రం సమర్థించలేనిది.

మర చుట్లు కోసే సాధనం ఎందుకు అంతగా కోరబడుతుందో కొంచెం వివరించాలి. పెద్ద లేత్‌లో బెడ్ పొడవునా సాగే లీడ్ స్క్రూ అనే పొడవైన మరకడ్డీని పళ్లచక్రాల ద్వారా స్పిండిల్‌తో జతచేసి, చక్రాల జోడీని మార్చడం ద్వారా కావలసిన మరచుట్లను కోస్తారు. తొలితరం యూనిమాట్‌లో ఆ అమరికకు తావులేదు. దాని బదులు ఒక నమూనా మరను స్పిండిల్‌కు తగిలించి, దాని చుట్లను అనుసరిస్తూ కదిలే చేయి ఉలిని నడిపించేలా చేశారు. ప్రతి కొలతకూ వేరే నమూనా మర కావాలి. ఒక్కటి పోయినా ఆ కొలత మర కోయడం అసాధ్యం. నమూనా మరలన్నీ జతగా ఉన్న సాధనం అందుకే అరుదు, అందుకే ఖరీదు. గడియారాల మరమ్మతుకు వాడే ఇంకా చిన్న లేత్‌లలోనూ ఇదే కథ కనిపిస్తుంది. జర్మనీకి చెందిన బోలీ, లార్ష్ వంటి తయారీదారుల లేత్‌లు సన్నని ఇరుసులను కాలెట్ అనే చీలికలున్న గొట్టంతో బిగించి పట్టుకుంటాయి. ఒక్కో కాలెట్ ఒక్క కొలతకే సరిపోతుంది, వాటిమీద మిల్లీమీటరులో పదో వంతుల చొప్పున అంకెలు ముద్రించి ఉంటాయి. అంకెలు వరుసగా ఉన్న పెట్టె, మధ్యలో ఖాళీలున్న పెట్టె పక్కపక్కన పెడితే అమ్మకపు ధరలో తేడా యంత్రం వల్ల కాక ఆ ఖాళీల వల్ల వస్తుంది.

కొత్తగా కొనేవారు తరచూ పొరబడేది స్పిండిల్ ముక్కు దగ్గర. తొలితరం యూనిమాట్ స్పిండిల్ ముక్కు మర 12 మిల్లీమీటర్ల వ్యాసం కలది. 1970ల చివర్లో పోత ఇనుప బెడ్‌తో వచ్చిన యూనిమాట్ 3 మర 14 మిల్లీమీటర్లది. రెండింటిలోనూ చుట్టుకు చుట్టుకు ఎడం ఒక్క మిల్లీమీటరే అయినా ఒకదాని చక్ రెండోదానికి ఎక్కదు. మైఫోర్డ్ ఎంఎల్7 ముక్కు అంగుళం మీద ఎనిమిదో వంతు వ్యాసంతో, అంగుళానికి 12 చుట్లతో ఉంటుంది. అమెరికాలో తయారయ్యే షెర్‌లైన్, టైగ్ అనే రెండు వేర్వేరు లేత్‌లు మాత్రం ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు అనే ఒకే కొలత పాటించడం వల్ల ఒకదాని చక్ మరొకదానికి బిగుస్తుంది. ‘యూనిమాట్ చక్’ అని మాత్రమే రాసి ఉన్న ప్రకటన చూసినప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న మర కొలత ఎంత అన్నదే. కొత్త రంగు, మెరిసే దవడలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పవు.

పరీక్ష విషయంలో ఈ యంత్రాలు ఇతర పురాతన వస్తువులకు భిన్నమైనవి. నాణెమో తపాలాబిళ్లో కంటికి కనిపించినంతే. లేత్ విలువ మాత్రం కంటికి కనిపించని మిల్లీమీటరు నూరో వంతుల్లో ఉంటుంది. అరుగుదల బెడ్ పొడవునా సమానంగా ఉండదు, పని అంతా చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి హెడ్‌స్టాక్ సమీపంలో ఎక్కువ అరిగి, టెయిల్‌స్టాక్ వైపు కొత్తగానే మిగిలిపోతుంది. స్లైడ్‌ల పక్కన ఉండే గిబ్ అనే సర్దుబాటు పట్టీని చక్ దగ్గర సరిగ్గా బిగించి, తరవాత స్లైడ్‌ను కుడిచివరకు జరిపితే బిర్రబిగుసుకుపోయిందంటే, చక్ దగ్గరి అరుగుదల బయటపడినట్టే. స్పిండిల్ నిలకడను చూడటానికి డయల్ గేజ్ అనే సున్నితమైన కొలత సాధనపు మొనను స్పిండిల్ ముక్కుకు తాకించి చేత్తో నెమ్మదిగా తిప్పాలి. ముల్లు ఊగినంత మేరా దానికి బిగించిన చక్ కూడా ఊగుతుంది. అదే గేజ్‌ను ఉంచి స్పిండిల్‌ను పైకి లాగితే బేరింగుల సందు తెలుస్తుంది. చక్ దవడల మీద 1, 2, 3 అని ముద్రించిన అంకెలు అవే క్రమంలో ఉన్నాయా, లేక వేరే చక్ దవడలు తెచ్చి అతికించారా అన్నది కూడా చూడాలి. ఇవన్నీ పది నిమిషాల పని. అమ్మేవాడు యంత్రాన్ని తిప్పి చూపడానికి తటపటాయిస్తే అదే ఒక జవాబు.

కొన్ని లోపాలు వాడుకవల్ల కాక లోహంవల్లనే పుడతాయి. న్యూజెర్సీ జింక్ సంస్థ 1929లో రూపొందించిన జమాక్ అనే జింకు మిశ్రలోహాన్ని అచ్చులో పోసి చవకగా భాగాలు తయారుచేయవచ్చు. మిషిగన్‌లోని అట్లాస్ సంస్థ తన లేత్‌లలో పళ్లచక్రాలకూ, బ్రాకెట్లకూ దానిని విరివిగా వాడింది. ఇలాంటి మిశ్రమాల్లో సీసం వంటి మలినాలు మిగిలిపోతే కొన్ని దశాబ్దాలకు లోహం లోలోపలే ఉబ్బి, చీలి, పెళుసై రాలిపోతుంది. దీనికి మరమ్మతు లేదు. రంగు కింద సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ భాగం మార్చవలసిందే. అమెరికాలో సియర్స్ దుకాణాలు క్రాఫ్ట్స్‌మన్ పేరుతో అమ్మిన, మోడల్ సంఖ్య 109తో మొదలయ్యే చిన్న లేత్‌లకు వేరే బలహీనత ఉంది: స్పిండిల్ మరీ సన్ననిది, బరువైన చక్ బిగించి గట్టి కోత పెట్టినవారి చేతుల్లో అది వంగిపోయింది. చూడటానికి బాగుండి చవకగా దొరికే 109 లేత్‌ను కొనేముందు అందుకే డయల్ గేజ్ పరీక్ష తప్పనిసరి.

రంగు పూయాలా వద్దా అన్న వాదం ఈ రంగంలో ఎప్పుడూ తెగదు. యూనిమాట్‌లపై సుత్తితో మోదినట్టు బుడిపెలుగా కనిపించే హ్యామర్‌టోన్ పూత ఉండేది. దానిని గీకి కొత్తగా నిగనిగలాడే రంగు వేస్తే సామాన్య కొనుగోలుదారు మెచ్చుకుంటాడు, అనుభవజ్ఞుడు అనుమానిస్తాడు. అనుమానానికి కారణం ఉంది: రంగు కోసం యంత్రాన్ని విప్పినవారు జారుడు తలాలను గరుకు కాగితంతో రుద్దితే తుప్పుతోపాటు ఖచ్చితత్వమూ పోతుంది. తుప్పును నూనె, సన్నని ఉక్కుపీచుతో తొలగించి, మిగిలిన మరకను మరకగానే వదిలేయడం మేలని పలువురు సేకర్తల అభిప్రాయం, అది సరైన అభిప్రాయమే.

తయారీదారు సజీవంగా ఉన్నాడా లేదా అన్నది ధరను శాసించే మరో అంశం. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో హెరాల్డ్ క్లిస్బీ రూపకల్పన నుంచి పుట్టి, రాన్ షెర్ తయారీలో పేరు తెచ్చుకొని, 1970లలో జో మార్టిన్ ద్వారా అమెరికాకు చేరిన షెర్‌లైన్ లేత్ ఈనాటికీ కాలిఫోర్నియాలో తయారవుతోంది. విడిభాగం పోతే కొత్తది కొనుక్కోవచ్చు కాబట్టి పాత షెర్‌లైన్ పనిముట్టుగా నిలకడైన ధరకు అమ్ముడుపోతుంది గాని, అపురూపమైన వస్తువుగా ఎవరూ వేలంపాటలో పోటీపడరు. బీస్టన్‌లోని మైఫోర్డ్ కార్ఖానా 2011లో మూతపడినప్పుడు మాత్రం దాని సామగ్రి వేలానికి వచ్చింది, పేరును ఆర్‌డీజీ టూల్స్ అనే మరో సంస్థ కొనుక్కుంది. యూనిమాట్ పేరు కూడా ఆస్ట్రియాలోనే పిల్లలకూ విద్యాలయాలకూ ఉద్దేశించిన వేరే చిన్న యంత్రం మీద కొనసాగుతోంది, కానీ దానికీ ఎస్ఎల్‌కూ పేరు తప్ప పొత్తు లేదు.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారెవరైనా ఇలాంటి యంత్రాన్ని కొని ఇంటికి పంపదలిస్తే పరిశీలించవలసినవి మరో రెండున్నాయి. మొదటిది రవాణా: పోత ఇనుము బరువైనదే గాని పెళుసు, కాబట్టి చేతిచక్రాలను, మోటారును, టెయిల్‌స్టాక్‌ను విప్పి విడివిడిగా చుట్టి, బెడ్‌ను చెక్కపలకకు బోల్టులతో బిగించి పంపాలి, పెట్టెలో కదిలే బరువు ప్రయాణంలో తన పక్కనున్న పిడిని తానే విరగగొడుతుంది. రెండోది విద్యుత్తు. అమెరికాకోసం తయారైన మోటారు సుమారు 115 వోల్టులది, ఇక్కడి సరఫరా 230 వోల్టులు, కనుక తగినంత సామర్థ్యం గల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. యూనిమాట్‌లోని బ్రష్‌లున్న మోటారుకు సెకనుకు 50 ఆవృత్తులా 60 ఆవృత్తులా అన్నది అంతగా పట్టదు. అట్లాస్, క్రాఫ్ట్స్‌మన్ లేత్‌లతో వచ్చే ఇండక్షన్ మోటారు మాత్రం ఇక్కడ ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, వేడెక్కే అవకాశమూ ఎక్కువే. యూనిమాట్ మోటారు విరామం లేకుండా నడపడానికి చేసినది కాదు, కొంతసేపు తిప్పి చల్లారనివ్వాలి. ఈ సంగతి తెలియని యజమానులు ఎందరో దానిని కాల్చుకొని కుట్టుమిషన్ మోటారు అమర్చుకున్నారు. అలా మార్చడంలో తప్పేమీ లేదు, యంత్రం నిజానికి మరింత బాగా నడవవచ్చు కూడా. కాలిపోయినదైనా సరే మొదటి మోటారును, దాని పేరుపలకను, బిగించే బ్రాకెట్‌ను పారవేయకుండా యంత్రంతోపాటే అందిస్తే, కొనేవాడు తీగ చుట్టించుకోగలడు, అమ్మేవాడు పూర్తి యంత్రం వెల అడగగలడు.